కోరమండల్ లైనులో చల్లని హీటరు

శ్రీనివాసప్ప మా చిన్నాయన కొడుకు. వాడి పేరు పలికితే నాకు ఇవాళ్టికీ నోరు చేదెక్కుతుంది. మా నాయన తెలివి తప్పి పడుకుని ఉన్న వారంలో ఆయన బొటనవేలు పట్టుకుని ముద్ర వేయించి, సుగటూరులో మా భూమి తనకే అమ్మినట్టు కాగితం పుట్టించాడు వాడు. ఏడో తరగతితో బడి మానేసి బంగారు గనిలో దిగినవాణ్ణి కదా, నాకు చదవడం రాదనుకున్నాడు. చదివాను. కింద సాక్షి అని ఎల్లప్ప సంతకం ఉంది. ఇరవై ఏళ్లు నాతో పాటు గనిలో దిగిన ఎల్లప్ప సంతకం నాకు తెలియదా? అది ఎల్లప్పది కాదు.

రాజీకి రమ్మని రెండుసార్లు కబురు పంపాడు. భూమి వెనక్కు ఇస్తానన్నాడు. "నాకు భూమి వద్దు, నువ్వు జైలుకు పోవాల" అని చెప్పి పంపాను. సోమవారం కోలారు కోర్టులో ఎల్లప్ప బోనెక్కి, ఆ సంతకం నాది కాదని చెప్పాలి. అంతే, శ్రీనివాసప్ప పని అయిపోయినట్టే.

శనివారం పొద్దున ఎల్లప్ప, కోరమండల్ గని కార్మికుల ఇళ్ల లైనులో, తన వర్క్‌షాపులో స్టూలు మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే చచ్చి ఉన్నాడు.

నేను పోయేసరికి శవాన్ని ఆసుపత్రికి తీసుకుపోయారు. సబ్ ఇన్‌స్పెక్టరు జయరాం నన్ను లోపలికి రానిచ్చి, వెనకనే తలుపు మూశాడు. పొద్దున విరగ్గొట్టిన తలుపు అది. గడియ వేలాడుతోంది. కుర్చీ ఒకటి దానికి అడ్డంగా లాక్కుని కూర్చున్నాడు.

"కూచో మునియప్పా. ఆ స్టూలే. దానిమీదనే మీవాడు పోయింది."

నేను నిలబడే ఉన్నాను.

జయరాంకు నా మీద కడుపుమంట పాతది. గనులు మూతబడ్డాక నేను రాబర్ట్‌సన్‌పేటలో ఒక లాయరుకు కేసుల వివరాలు తెచ్చిపెట్టే పనిలో చేరాను. పోయిన ఏడాది జయరాం ప్రమాదమని మూసేసిన రెండు కేసులు నేను తవ్వి తీసి హత్యలని తేల్చాను. పేపర్లో నా పేరు వచ్చింది, అతని పేరు రాలేదు.

"ఏడో క్లాసు డిటెక్టివుగారికి ఒక కాగితం చదివి వినిపిస్తాను, వినండి" అంటూ గోడకు అంటించిన చీటీ చింపాడు. "ఎర్రగా కాలే కాయిలు హీటరు వద్దు, వార్నిషు థిన్నరు ఆవిరికి నిప్పు అంటుకుంటుంది. కిరసనాయిలు స్టౌ వద్దు. బొగ్గుల కుంపటి అసలే వద్దు. నూనె నింపిన హీటరు కొను, నిప్పు బయటికి కనబడదు, వేడెక్కితే తనంతట తాను ఆగుతుంది. పదిహేను వందల వాట్లు ఈ గదికి చాలు. మీటరు నుంచి వేరే లావు వైరు, పదిహేను యాంపుల ప్లగ్గు, ఎర్తు. వెంటిలేటరు మూయవద్దు." చీటీ మడిచాడు. "చేతిరాత ఎవురిది?"

"నాదే సార్."

"నీ మాట విని కొన్నాడు. పది దినాలకు సచ్చినాడు. వేళ్ల మీద కాలిన మచ్చలుండాయి. నీ హీటరు షాకు కొట్టి సచ్చినాడని రాసేస్తే, నీ మీద కూడా ఒక సెక్షను పడుతుంది."

ఆ చీటీ వెనక ఒక కథ ఉంది. ఎల్లప్ప పని కాలిపోయిన బోరు మోటార్లకు రాగి తీగ చుట్టడం. చుట్టిన తీగను వార్నిషులో ముంచి, వేడిలో ఆరబెట్టాలి. పచ్చిగా ఉంటే మోటారు తిరిగిన మొదటి రోజే కాలుతుంది. పుష్యమాసం చలికి ఏదీ ఆరదు. పైగా గని దుమ్ము తిన్న ఊపిరితిత్తులు అతనివి, చల్లగాలి తగిలితే దగ్గు ఆగేది కాదు. రెండు వందల వాట్ల బల్బులు నాలుగు పెట్టుకుంటానన్నాడు. కాయిలు హీటరు చవకన్నాడు. "థిన్నరు డబ్బా పక్కన ఎర్ర కాయిలు పెడతావా, నీ పెండ్లాం మారమ్మ తాళి మీద ఆశ లేదా నీకు?" అని తిట్టి, ఇంటి వెనక ఈ పది అడుగులకు పన్నెండు అడుగుల గది కొలిచి, ఆ చీటీ రాసిచ్చింది నేనే.

"షాకు అంటున్నారు కదా సార్. తలుపు తీయనక్కర్లేదు, ఇక్కడే చూద్దాం" అన్నాను.

హీటరు గోడ వారగా ఉంది, తెల్లగా, కొత్తది. స్విచ్చి కిందికి నొక్కి ఉంది. తిప్పే మీట నాలుగు మీద ఉంది. ముట్టుకున్నాను. బండరాయిలాగ చల్లగా ఉంది.

"స్విచ్చి ఆన్‌లో ఉండాది. మరి ఎందుకు చల్లగా ఉండాది?"

జయరాం కుర్చీలోంచే మెడ చాచి చూశాడు.

"ఇంట్లో కరెంటు లేదు కాబట్టి. మీ కానిస్టేబులును వరండాలో మీటరు బోర్డు చూడమనండి."

తలుపు సందులోంచి కేక వేశాడు. కానిస్టేబులు పోయి వచ్చాడు. ఫ్యూజు లేదు. పింగాణీ ముక్కతో సహా ఎవరో పెరికి తీసుకుపోయారు.

"పక్కింటి చిక్కమ్మ ఫ్యూజు అడిగి తెమ్మనండి. రెండు నిముషాలు."

ఆ ఫ్యూజు పెట్టగానే హీటరు మీద చిన్న ఎర్ర దీపం వెలిగింది. లోపల నూనె టిక్కు టిక్కుమని కదిలింది. నేను చెప్పులు విడిచి, ఒట్టి కాళ్లతో సిమెంటు నేల మీద నిలబడి, రెండు అరచేతులూ దాని రేకుల మీద ఆనించాను. జయరాం కుర్చీతో సహా వెనక్కు జరిగాడు.

"షాకు యాడ సార్?"

మెల్లగా వేడెక్కసాగింది. చేతులు తీయాలనిపించలేదు. ఎల్లప్పకు రాత్రంతా ఈ వేడి దొరికి ఉంటే బతికి ఉండేవాడు.

చిక్కమ్మ ఫ్యూజు వెనక్కు తీసుకుపోవడానికి తనే వచ్చి గుమ్మంలో నిలబడింది. యాభై ఏళ్ల మనిషి, చేతికి ఇంకా రాగుల పిండి అంటుకుని ఉంది.

"నిన్న ఎల్లప్పన్న ఇంట్లో కరెంటు ఎప్పుడు పోయిందమ్మా?"

"ఆరున్నర సీరియలు అప్పుడే మొదలయ్యింటింది. వాళ్లింట్లో దీపం పోయింది, మా ఇంట్లో పోలేదు. ఏమన్నా, కరెంటు లేదా అని అరిసినా. ఫ్యూజు యాడనో మాయమయ్యింది తల్లీ, పొద్దున చూస్తా, తోటోళ్ల మోటారు పొద్దున్నే ఇచ్చెయ్యాల, ఇంగ బొగ్గులతోనే ఆరబెడతా అన్నాడు."

"అంతకు ముందు వరండాలో ఎవురన్నా?"

"మఫ్లరు చుట్టుకున్నోడు ఒకడు నిలిచింటే మోటారు కోసం వచ్చినోడేమో అనుకున్నా. మొగం చూడలేదప్పా. సీరియలు చూస్తా ఉంటే మొగాలెవురు చూస్తారు?"

"మారమ్మ?"

"ఆమె బంగారుపేటలో కూతురింటికి పోయింటింది. పొద్దున రైలుకు వచ్చి, తలుపు తీయలేదని మాతో పగలగొట్టించింది. లోపల గడియ పెట్టుకొని ఉన్నాడు." చిక్కమ్మ గొంతు తగ్గించింది. "ఒకటి చెప్తా. సచ్చినోడి మొగం మాదిరి లేదు. పెదాలు ఎర్రగా, పెండ్లికొడుకు మాదిరి ఉన్నింది."

ఆమె పోయింది. జయరాం మళ్లీ తలుపుకు కుర్చీ అడ్డం పెట్టాడు.

నేను బల్ల కిందికి వంగాను. ఇస్త్రీపెట్టెకు బొగ్గులు రాజేసే కుంపటి ఉంది. నిండా తెల్లటి బూడిద. వేళ్ల మీద మచ్చలు ఎక్కడివో తెలిసింది. విప్పిన మోటారు వెనక, నేల మీద, పాలిషు డబ్బా మూత ఒకటి. దాంట్లో మైనం పేరుకుని, మధ్యలో వత్తి మసి.

దాన్ని చేతిలోకి ఎత్తాను.

"ఏమది?"

"కొవ్వొత్తి సార్. చివర దాకా కాలింది. ఇది ఎల్లప్ప చేసిన తప్పు. గనిలో పనిచేసినోడు మాత్రమే చేసే తప్పు. పాత సొరంగంలో పోవాలన్నా, బావిలో దిగాలన్నా మేము ముందు దీపం పంపిస్తాము. దీపం ఆరితే వెనక్కు, వెలిగితే ముందుకు. వాడు తలుపు మూసుకొని, కుంపటి పెట్టుకొని, పక్కన కొవ్వొత్తి వెలిగించి పెట్టుకున్నాడు. అది వెలుగుతా ఉండే దాకా గాలి మంచిదే అనుకున్నాడు."

"కాదా?"

"బొగ్గుల నుంచి పుట్టే విషగాలికి దీపం ఆరదు సార్. మనిషే ఆరిపోతాడు. పెదాలు ఎర్రగా అవుతాయి. ఇది వెలుగుతానే ఉన్నింది, వాడు పోయినాక కూడా."

మూతను పాత పేపర్లో చుట్టి జయరాం తన జేబులో పెట్టుకున్నాడు. అతని మొహంలో మొదటిసారి వెలుగు చూశాను. నాకు అది మంచిది కాదని అర్థమయ్యేలోపే అడిగాడు.

"దీపం ఆరదని కరెంటు పనివాడు ఎల్లప్పకు తెలీదు. నీకెట్ల తెలుసు?"

"నేను గనిలో రెస్క్యూ టీములో ఉంటిని. మాకు నేర్పించినారు."

"ఈ లైన్లో ఆ టీమువాళ్లు ఇంగెవురుండారు?"

ఇద్దరు పోయారు. ఒకడు బెంగళూరులో ఉన్నాడు.

"నేనొక్కణ్ణే."

"కుంపటి వద్దని చీటీ రాసినావు. ఎందుకు వద్దో రాయలేదు. ఏమి, మరిచిపోయినావా?"

ఆ మాట నన్ను కోసింది. నిజంగానే రాయలేదు. చీటీలో చోటు లేక కాదు. తనకు తెలిసిందే కదా అనుకున్నాను. ఆ ఒక్క లైను రాసి ఉంటే ఎల్లప్ప కొవ్వొత్తిని నమ్మేవాడు కాదు.

జయరాం తన కుర్చీ కింద నుంచి ఒక గోనెసంచి తీసి నా ముందు పడేశాడు. "ఇది పొద్దున ఆ వెంటిలేటరులో కుక్కి ఉన్నింది. బయట నుంచి. గాలి దూరే సందు లేకుండా. అక్షరాలు చదువు."

నీలం రంగుతో రెండు అక్షరాలు. దొ, ము. దొడ్డమునియప్ప, నా పూర్తి పేరు. నా రాగుల సంచులకు నా చేత్తో నేను వేసుకున్న గుర్తు.

గది ఒక్కసారిగా చిన్నదైపోయినట్టు అనిపించింది. హీటరు వేడి వీపుకు తగులుతోంది. తలుపు దగ్గర జయరాం, పైన సంచి పీకేసిన ఆ చిన్న వెంటిలేటరు, మనిషి తల కూడా పట్టదు.

"ఈ సంచి నా దగ్గర లేదు సార్. రెండేళ్ల కిందట మా భూమిలో పంట శ్రీనివాసప్ప సంచులతో సహా ఎత్తుకుపోయినాడు."

"సరే. నిన్న సాయంత్రం ఆరున్నరకు నువ్వు యాడున్నావు?"

"సుగటూరులో."

"ఎవురింట్లో?"

"శ్రీనివాసప్ప ఇంట్లో."

జయరాం తొడ కొట్టుకుని నవ్వాడు.

నవ్వితే నవ్వాడు, అదే నిజం. దొంగ ముద్ర వేయించింది నిజమేనని పెద్దల ముందర ఒప్పుకుంటాను రమ్మని వాడు కబురు పంపాడు. వాడి నోటి నుంచి ఆ మాట వినాలన్న కక్షతో పోయాను. నాలుగు గంటలకు వాళ్లింటి అరుగు మీద కూర్చున్నాను. వాడి పెండ్లాం సొన్నమ్మ కాఫీ ఇచ్చి, "ఇప్పుడే వస్తాడు బావా" అంది. పెద్దలెవరూ రాలేదు. వాడు రాత్రి పదికి మోటారు సైకిలు మీద వచ్చాడు, మెడకు మఫ్లరుతో. "పెద్దలు దొరకలేదన్నా, ఇంగొకనాడు చూస్తాం" అన్నాడు. బస్సు లేక ఆ అరుగు మీదే పడుకుని పొద్దున మొదటి బస్సుకు వచ్చాను.

నాలుగు నుంచి పది. సుగటూరు నుంచి కోరమండల్‌కు మోటారు సైకిలు మీద గంటంపావు. ఫ్యూజు పెరకడానికి ఒక నిముషం. ఎల్లప్ప కుంపటి రాజేసే దాకా కాచుకోవడానికి గంట. సంచి కుక్కడానికి ఒక నిముషం. వెనక్కు గంటంపావు. చాలినంత టైము. పట్టుపురుగుల ఇంట్లో చలికి కుంపట్లు పెట్టే ఊరు వాళ్లది. తలుపు మూసిన గదిలో బొగ్గు ఏమి చేస్తుందో శ్రీనివాసప్పకు ఎవరూ నేర్పనక్కర్లేదు.

అదంతా జయరాంకు చెప్పాను. ఓపికగా విన్నాడు.

"సాక్షి?"

"సొన్నమ్మ."

"మొగుడు ఇంట్లోనే ఉన్నాడని అంటుంది. లేకపోతే నువ్వే రాలేదని అంటుంది. ఆయప్ప ఏమి చెప్పమంటే అది." గడియారం చూసుకున్నాడు. "నీ సంచి చూసినప్పుడే, పదింటికి సుగటూరుకు, మీ తమ్ముడికి ఫోను చేయించినా. ఎల్లప్ప సచ్చినాడు, రమ్మని. అంతకు మించి ఒక్క ముక్క చెప్పలేదు. వచ్చే వేళయింది."

చెప్పినట్టే వచ్చాడు. కానిస్టేబులు తలుపు కొట్టాడు, జయరాం కుర్చీ జరిపాడు. తెల్లచొక్కా, నుదుటికి విభూతి, చంకలో ప్లాస్టిక్ కవరు. వెనకనే మారమ్మ. ఇంటి ముందర ఆడవాళ్ల మధ్య కూర్చుని ఉన్నదల్లా వీణ్ణి చూసి లేచి వచ్చి, గుమ్మం పట్టుకుని నిలబడింది.

"సార్, నమస్కారం. మా అన్న అట్లాంటోడు కాదు సార్" అన్నాడు శ్రీనివాసప్ప, ఎవరూ అడగకముందే. "నిన్న నాలుగింటికి మా ఇంటికి వచ్చినాడు. రాత్రి పది దాకా నా ఎదురుగానే ఉన్నాడు. రాజీ మాట్లాడుకుంటిమి. ఇదో చూడండి."

కవరులోంచి స్టాంపు పేపరు తీశాడు. నిన్నటి తేదీ. సుగటూరు భూమి నాకు తిరిగి ఇస్తున్నట్టు, కేసు నేను వెనక్కు తీసుకుంటున్నట్టు. కింద వాడి సంతకం ఉంది. పక్కన నా పేరు రాసి, చోటు ఖాళీగా వదిలి ఉంది.

"సంతకం పొద్దున పెడతానని వెళ్లిపోయినాడు సార్. పెట్టన్నా. అయిపోతుంది."

పెన్ను కూడా చాచాడు.

అప్పుడు అర్థమైంది నాకు వాడు అల్లిన వల. నన్ను సుగటూరుకు పిలిపించింది ఒప్పుకోవడానికి కాదు. వాడికి నేను సాక్షి, నాకు వాడు సాక్షి. నేను తల ఊపితే ఇద్దరం బయటపడతాం, భూమి నాది అవుతుంది, ఫోర్జరీ కేసు పోతుంది. ఊపకపోతే నా సంచి, నా చీటీ, నా రెస్క్యూ చదువు. ఉరి నాకే. రెండుసార్లు రాజీకి రానన్నవాణ్ణి మూడోసారి ఈ గదిలో కూర్చోబెట్టాడు.

"నిజమేనా మునియప్పా?" అడిగాడు జయరాం.

నేను పెన్ను వైపు చూశాను. అబద్ధమెందుకు, చెయ్యి సగం చాచాను కూడా. యాభై రెండేళ్లు వచ్చాయి, సొంతమని చెప్పుకోవడానికి అడుగు నేల లేదు.

"అన్నా" అంది మారమ్మ గుమ్మంలోంచి. ఏడుపు అయిపోయిన గొంతు. "నువ్వు చెప్పిన హీటరే కొన్నాడు కదన్నా. దాన్ని తుడిచి పెట్టుకొనేవాడు. దానివల్లనే పోయినాడా?"

"అట్లేమీ లేదు తల్లీ, హీటరుది తప్పు కాదు" అన్నాడు శ్రీనివాసప్ప, నాకంటే ముందు. తల అడ్డంగా ఆడించాడు. "పాపం, ఎల్లప్ప ముందర కొవ్వొత్తి పెట్టుకొని కుంపటి కాడ కూసుంటే ఎవురేమి చేస్తారు? దేవుడు పిలిచినాడు, పోయినాడు."

నా చెయ్యి ఆగిపోయింది.

"లేదు సార్" అన్నాను. "వీడు ఇంట్లో లేడు. నాలుగు నుంచి పది దాకా అరుగు మీద నేనొక్కణ్ణే కూచుంటిని."

శ్రీనివాసప్ప మొహం మీద నవ్వు అలాగే ఉంది, కళ్లు మాత్రం మారాయి. "బాగా ఆలోచించుకో అన్నా. నేను లేకపోతే నీకు సాక్షి లేడు."

"నీకూ లేడురా."

జయరాం లేచాడు. బెల్టు వెనక నుంచి బేడీలు తీశాడు. నా మణికట్టు పట్టుకున్నాడు. "నువ్వే ఒప్పుకున్నావు, సాక్షి లేడని. పద."

"వేయండి సార్. వేసే ముందు వాణ్ణి ఒక్క మాట అడగండి. కొవ్వొత్తి సంగతి వాడికి ఎవురు చెప్పినారు?"

ఇనుము చల్లగా నా చేతికి ఆనింది. ఆనిన చోటే ఆగింది. జయరాం రెండో చెయ్యి మెల్లగా తన జేబు దగ్గరికి పోయింది. పేపరు చుట్ట అక్కడే ఉంది. నేను ఎత్తింది, అతను చుట్టింది, ఇంకెవరూ చూడనిది.

"ఎవురు చెప్పినారప్పా?" అన్నాడు.

"ఇదే... మారమ్మ. ఇప్పుడు వాకిట్లో."

మారమ్మ మా ముగ్గురి మొహాలూ మార్చి మార్చి చూసింది.

"ఏ కొవ్వొత్తి?" అంది.

హీటరు వేడి చాలిందనుకుందేమో, టక్కుమని తనంతట తాను ఆగింది. శ్రీనివాసప్ప కళ్లు ఒక్క క్షణం పైకి పోయాయి, వెంటిలేటరు వైపు. నిన్న అక్కడి నుంచే లోపలికి చూశాడు వాడు. కొవ్వొత్తి వెలుగులో ఎల్లప్ప తీగలు సర్దుకుంటూ ఉండగా చూసి, ఆ తర్వాతే సంచి కుక్కాడు.

జయరాం కూడా ఆ చూపు పట్టుకున్నాడు. నా మీది కక్ష ఎంతున్నా, పోలీసువాడి కన్ను పోలీసువాడిదే. బేడీ ఒక కొస నా చేతికి బిగించాడు. రెండో కొస శ్రీనివాసప్ప చేతికి బిగించాడు.

"ఎవురిది అబద్ధమో స్టేషనులో తేలుస్తాను. అంతదాకా అన్నదమ్ములు కలిసే ఉండండి" అన్నాడు.

జీపు కోసం కానిస్టేబులును పంపి, జయరాం మళ్లీ తలుపు మూశాడు. పక్కపక్కన నిలబడ్డాం. వాడి చెమట నా మణికట్టుకు తగులుతోంది. ఖాళీగా ఉన్న చేత్తో, పళ్లతో, స్టాంపు పేపరు చింపాడు శ్రీనివాసప్ప. సగానికి, మళ్లీ సగానికి. ముక్కలు కుంపటి బూడిదలో పడేశాడు.

"జైలుకు పోవాలంటివి కదన్నా, పోతా" అన్నాడు నా చెవిలో. "కోర్టుకు నీ తరఫున ఎవురొస్తారో చూసుకో. నేను ఉరికి పోయినా భూమి కాగితం నా కొడుకు చేతిలో ఉంటుంది."

నిజమే. ఆ సంతకం నాది కాదని చెప్పాల్సిన ఒకే ఒక నోరు ఆసుపత్రిలో గుడ్డ కింద ఉంది. సోమవారం బోను ఖాళీ. భూమి వద్దు, నువ్వు జైలుకు పోవాల అని నేను అన్న మాట దేవుడు అక్షరం పొల్లుపోకుండా విన్నాడు.

సుగటూరు, సర్వే నంబరు నలభై రెండు బై మూడు. ఒక ఎకరా పదమూడు గుంటలు.